విషమనిరి, విరేచనమనిరి, మనోవ్యాధి యనిరి

1859వ సంవత్సరము మే నెల 3వ తేదీన, లండను నగర సమీపమున థేమ్సు నదీతీరమందలి రిచ్‌మండు పట్టణములో, ఇసబెల్లా బ్యాంక్స్ అను నడివయస్సు స్త్రీ కొన్ని వారములుగా ఎడతెగని విరేచనములతోను వాంతులతోను కృశించి మరణించెను. ఆమెతో కాపురముండిన థామస్ స్మెథర్స్టు వైద్యవృత్తి యెరిగినవాడు. మొదటి భార్య బ్రతికియుండగనే ఈమెను వివాహమాడినవాడు. ఆమె ఆస్తి తనకు చెందునట్లు, ఆమె కన్నుమూయుటకు రెండు దినములు ముందుగా, వీలునామా వ్రాయించినవాడు. ఇన్ని అనుమానములకు తావిచ్చిన మనుష్యుని యింట ఇట్టి మరణము సంభవించినప్పుడు లోకమేమనుకొనునో వేరుగ చెప్పనక్కరలేదు. విషము పెట్టి చంపెననిరి. ఆ కాలమున ఇంగ్లండు దేశమందు విషపరీక్షలలో అగ్రగణ్యుడని పేరొందిన ఆల్‌ఫ్రెడ్ స్వెయిన్ టేలరు, ఒక సీసాలో ఆర్సెనిక్, అనగా శంఖపాషాణము, కలదని మొదట చెప్పి, పిమ్మట ఆ పాషాణము తాను పరీక్షకు వాడిన రాగితీగల అల్లికలోనుండి దిగినదేయని న్యాయస్థానమున ఒప్పుకొనవలసివచ్చెను. అయినను జూరీవారు స్మెథర్స్టును దోషియనిరి, ఉరిశిక్ష విధింపబడెను. వైద్యులును న్యాయవాదులును ఆ తీర్పుపై ఆందోళనచేయగా, ప్రభుత్వము సర్ బెంజమిన్ బ్రోడీ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుని అభిప్రాయమడిగి, తుదకు అతనిని హత్యానేరమునుండి క్షమించి విడిచెను. రెండవ పెండ్లి నేరమునకు మాత్రము అతడు ఒక సంవత్సరము చెరసాలలో నుండెను.

ఆ కల్లోలమునందే గైస్ వైద్యశాలకు చెందిన శామ్యూల్ విల్క్స్ అను వైద్యుడు మృతురాలి ప్రేగులను పరిశీలించి, తాను చూచినదానిని ఒక వైద్యపత్రికకు లేఖగా వ్రాసెను. పెద్దప్రేగు లోపలి పొర కందిపోయి పుండ్లుపడియున్న తీరును వర్ణించుచు ఆయన ప్రయోగించిన మాటలే నేడు అల్సరేటివ్ కొలైటిస్ అని వాడుకలోనున్న రోగనామము. టేలరును ఆ గైస్ వైద్యశాలవాడే; ఒకే విద్యాలయమున పనిచేసిన ఇరువురిలో ఒకరి దృష్టికి అచ్చట విషము కనబడెను, మరొకరి దృష్టికి వ్యాధి కనబడెను. ఇందు మరియొక విశేషమును కలదు. ఆమె చిన్నప్రేగు చివరిభాగము సైతము వాచియుండెనని ఆ వర్ణనమందే యున్నందున, ఆమెకు వచ్చినది నేడు క్రోన్స్ అని వ్యవహరింపబడు సోదరవ్యాధియై యుండవచ్చునని ఇరువదవ శతాబ్దమున కొందరు పండితులు తలచిరి. ఈ రోగమునకు నామకరణము జరిగిన సందర్భమే ఇంత సందేహగ్రస్తమైనది. అటుపిమ్మట గడచిన నూటయరువది సంవత్సరములకు పైబడిన కాలమంతయు, ఒక విధముగా చూచినచో, ఈ రోగము ఏది కాదో క్రమక్రమముగా తెలిసికొనిన చరిత్రయే. వైద్యులు దీనిని మరియొకదానిగా భ్రమించిన ప్రతిసారియు ఆ భ్రమకు మూల్యము చెల్లించినవాడు రోగియే యగుటచేత, ఈ చరిత్రను రోగి పక్షమున నిలిచి చదువుట న్యాయమని నేను తలంతును.

నెత్తురుతోను జిగటతోను కూడిన విరేచనములు మానవజాతికి క్రొత్తవి కావు. మన ఆయుర్వేద గ్రంథములు రక్తాతిసారమనియు, ప్రవాహిక యనియు, గ్రహణి యనియు వీనిని విభజించి వర్ణించినవి. తెలుగు పల్లెలలో బంకవిరేచనములని, జిగటవిరేచనములని చెప్పుకొని, కొడిశపాల పట్టతో కాచిన కషాయమును తరతరములుగా త్రాగుచు వచ్చిరి. యూరపు ఖండమున సేనలు నడచిన త్రోవలన్నిటను రక్తవిరేచనములు వాని వెంట నడచినవి. ఇందు ఏది సూక్ష్మజీవులవలన కలిగినదో, ఏది శరీరమందే పుట్టినదో వేరుచేయుటకు సాధనములు లేకుండెను. 1875లో రష్యా దేశమున ఫ్యోదోర్ ల్యోష్ రోగి మలమందు అమీబాను కనుగొనెను. 1897లో జపానునందు కియోషి షిగా మరియొక విధమైన రక్తవిరేచనములకు కారణమైన సూక్ష్మజీవిని పట్టుకొనెను. 1912లో కలకత్తా నగరమున లియొనార్డ్ రోజర్స్ ఎమెటిన్ సూదిమందుతో అమీబా విరేచనములను అణచవచ్చునని నిరూపించెను. ఇట్లు ఒక్కొక్కటిగా తెలిసిన కారణములను తీసివేయగా, ఏ క్రిమియు దొరకక, ఏ మందునకును లొంగక, తగ్గినట్లే తగ్గి మరల తిరుగబెట్టు రోగులు కొందరు మిగిలిరి. 1875లో విల్క్స్, మాక్సన్ అనువారు కలిసి ప్రకటించిన వ్యాధిశాస్త్రోపన్యాసములును, 1888లో అదే గైస్ వైద్యశాలలో విలియమ్ హేల్‌వైట్ వ్రాసిన వ్యాసమును ఆ మిగిలినవారిని గూర్చినవే. అమీబా దొరకినవారికి మందు దొరకెను. వీరికి అప్పటికి దొరకినది పేరు మాత్రమే.

రోగలక్షణమును గూర్చి యిచ్చట కొంత చెప్పవలెను. ఈ ప్రేగుపూత, అనగా అల్సరేటివ్ కొలైటిస్, గుదమునకు పైనున్న పురీషాశయమందు మొదలై, ఎడము లేకుండ పైకి ప్రాకును. కొందరిలో అచ్చటనే నిలిచిపోవును, కొందరిలో ఎడమప్రక్క ప్రేగువరకు ఎక్కును, కొందరిలో పెద్దప్రేగునంతయు ఆక్రమించును. క్రోన్స్ వ్యాధివలె నోటినుండి గుదమువరకు ఎచ్చటనైనను మచ్చలు మచ్చలుగా పుట్టి ప్రేగు మందమంతటిని తినివేయునది కాదిది. లోపలి పలుచని పొరకే పరిమితమై యుండును. శరీరమును రక్షింపవలసిన శక్తియే ఆ పొరపై ఎదురుతిరిగి నిరంతరము మంటపెట్టుచుండునని నేటివారు చెప్పుదురు. ఎందువలన ఎదురుతిరుగునో ఇంతవరకు తేలలేదు. వంశమునందు కొంత, తిండియందు కొంత, ప్రేగులలో నివసించు అసంఖ్యాక సూక్ష్మజీవులయందు కొంత కారణముండవచ్చును. పొగత్రాగనివారిలోను, త్రాగి మానినవారిలోను ఈ రోగము హెచ్చుగా కానవచ్చుట 1982లో కార్డిఫ్ నగరపు వైద్యులు గమనించిన వింతవిషయము. అంతమాత్రముచేత పొగాకు మందు కాజాలదు, ఊపిరితిత్తులకును గుండెకును అది చేయు చేటు ఈ కొంచెపు మేలును మ్రింగివేయును.

1909లో లండనునందు రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ వారు ఈ వ్యాధిని గూర్చి ఒక సభ జరపిరి. నగరమందలి వైద్యశాలలు కొన్ని తమ తమ దాఖలాలు వెదకి, గడచిన పాతికేండ్లలో చేరిన మూడువందలకు పైబడిన రోగుల వృత్తాంతములను ఆ సభ ముందుంచెను. వారిలో దాదాపు సగము మంది మరణించియుండిరి. ప్రేగు చిల్లుపడి కొందరు, రక్తస్రావమువలన కొందరు, చీము వ్యాపించి కొందరు, ఊపిరితిత్తులకు పోవు నాళములలో నెత్తురు గడ్డకట్టి కొందరు. ఎవరికివారే తమ వార్డులలో ఒంటరిగా చూచిన మరణములు ఒకచోట కూడినప్పుడుగాని ఈ రోగపు భీకరత్వము వైద్యలోకమునకు తెలియలేదు. దీపముగల గొట్టమును గుదద్వారమున చొప్పించి లోపలి పొరను కంటితో చూచు పద్ధతిని ఆ దినములలోనే లాక్‌హార్ట్‌మమరీ అను శస్త్రవైద్యుడు ప్రచారముచేసి, ప్రేగువాపుగా భావింపబడిన 36 మందిని పరీక్షింపగా వారిలో ఏడుగురికి క్యాన్సరు కనబడెను. కన్నులార చూడక కేవలము లక్షణములనుబట్టి నిర్ణయించుటలోని అపాయమును చూపుటకు ఈ ఒక్క లెక్క చాలును.

ఆ కాలపు చికిత్సలు నేడు చదువువారికి బాధ కలిగించును. వెండి లవణముల ద్రావణముతో ప్రేగులను కడిగిరి. 1902లో న్యూయార్కునందు రాబర్ట్ వియర్ అపెండిక్సును కడుపుగోడకు తెరచి దానిగుండ పైనుండి క్రిందికి నీరు పోసి కడుగు మార్గము పన్నెను. మేయో క్లినిక్కునందు బార్జెన్ అను వైద్యుడు ఒకానొక సూక్ష్మజీవియే దీనికి మూలమని నమ్మి సీరములను వాడెను. ఆ నమ్మకము నిలువలేదు. 1913లో సెయింట్ లూయీ నగరపు జాన్ యంగ్ బ్రౌన్, రోగగ్రస్తమైన పెద్దప్రేగునకు పూర్తిగా విశ్రాంతినిచ్చుటకై, చిన్నప్రేగు చివరను కడుపుపై తెరచి మలము వెలుపలికే పోవునట్లు చేసెను. ఇలియాస్టమీ యనబడు ఈ శస్త్రచికిత్స ప్రాణములను కాపాడగలిగెనుగాని, ఆ కాపాడబడిన ప్రాణము ఎట్లు బ్రతుకవలెనో ఎవరును ఆలోచింపలేదు. చిన్నప్రేగులోని జీర్ణరసములు చర్మముపై నిరంతరము కారి దానిని పుండుచేయును. అడ్డుగా కట్టుకొనుటకు గుడ్డలుతప్ప వేరు సాధనము లేదు. వాసనకు వెరచి రోగి మనుష్యుల నడుమకు రాలేడు. కావున వైద్యులు ఈ చికిత్సను మృత్యుముఖమున నున్నవారికే చేసిరి. ఆ దశలో చేయుటచేత అనేకులు మరణించిరి. మరణించుటచేత చికిత్సయే ప్రమాదకరమను అపకీర్తి దానికి తగిలెను.

ఈ విషచక్రమును ఛేదించుటలో రోగులకు గల భాగము వైద్యచరిత్రలలో తగినంతగా కానరాదు. 1940 ప్రాంతములందు షికాగో నగరమున ఆల్‌ఫ్రెడ్ స్ట్రాస్ అను శస్త్రవైద్యునివద్ద ఇలియాస్టమీ చేయించుకొన్న కోనిగ్ అను రసాయనశాస్త్ర విద్యార్థి, తన యవస్థను తానే తీర్చుకొనదలచి, చర్మమునకు అంటుకొని కారకుండ నిలుచు రబ్బరు సంచిని కల్పించెను. అది పలువురకు క్రొత్తబ్రతుకు నిచ్చెను. 1952లో బర్మింగ్‌హామునందు బ్రయన్ బ్రూక్, వెలికి తీసిన ప్రేగు చివరను చొక్కా చేతి అంచువలె వెనుకకు మడచి కుట్టిన యెడల అది చర్మముకంటె ఎత్తుగా నిలిచి, రసములు నేరుగా సంచిలో పడుననియు, చుట్టునున్న పుండును ప్రేగుమూసికొనిపోవుటయు తప్పిపోవుననియు చూపెను. ఇంత చిన్న మార్పు ఇన్ని జీవితములను మార్చుట శస్త్రవిద్యలో అరుదు. నేటికిని ప్రపంచమంతట ఆ మడత అట్లే కుట్టబడుచున్నది. అమెరికాయందు క్లీవ్‌లాండ్ క్లినిక్కున ఈ రోగముచేత ప్రేగు పోగొట్టుకొన్న నార్మా గిల్ అను గృహిణిని ఆమె శస్త్రవైద్యుడైన రూపర్ట్ టర్న్‌బుల్ 1958లో పిలిపించి, క్రొత్తగా ఇట్టి శస్త్రచికిత్స పొందినవారికి సంచి కట్టుకొను విధమును నేర్పు పనిలో నియమించెను. ఆమె నర్సు కాదు. చదువు బిరుదములు లేవు. ఆమెకుగల అర్హత స్వానుభవమే. 1961లో ఆ విద్యను నేర్పుటకొక పాఠశాలయే వెలసెను. నేడు పెద్ద ఆసుపత్రులలో స్టోమా నర్సులని పిలువబడువారికి ఆమెయే ఆదిగురువు.

ఇంతకంటె దుఃఖకరమైన యధ్యాయమొకటి కలదు. క్రిమి దొరకలేదు, విషము లేదు, మరి కారణమేమి? 1930లో సెసిల్ మర్రే అను వైద్యుడు కొందరు రోగుల జీవితములలోని మనోవ్యథలకును రక్తవిరేచనములకును సంబంధము చూపుచు వ్రాసెను. మనోవిశ్లేషణము విజృంభించిన ఆ దినములలో ఆ భావము శీఘ్రముగా వేళ్లుపారెను. 1950లో షికాగోవాడైన ఫ్రాంజ్ అలెగ్జాండర్ తన గ్రంథమున ఉబ్బసము, రక్తపుపోటు మున్నగు కొన్ని రోగములతోపాటు దీనిని గూడ మానసికసంఘర్షణలకు ముడిపెట్టెను. తల్లిని వీడి స్వతంత్రముగా నిలువలేని పిరికి స్వభావమువారికే ఇది వచ్చుననిరి. రక్తహీనతచే నడువలేని రోగిని సోఫాపై పరుండబెట్టి బాల్యమును గూర్చి ప్రశ్నించిరి. రోగము ముదిరినప్పుడు రోగి మనస్సే సహకరింపలేదనిరి. దినమునకు పదిసార్లు మరుగుదొడ్డికి పరుగిడు మనుష్యుడు దిగులుగా నుండుట వింత కాదు. ఆ దిగులే రోగమునకు బీజమనుట కార్యమును కారణముగా గ్రహించుటయే. మనోవేదన రోగమును రేపవచ్చును, దానిని శాంతపరచుట రోగికి మేలుచేయును. కాని ఈ పుండ్లు రోగి స్వభావదోషమునకు శిక్ష కావు. ఆ సిద్ధాంతము పుస్తకములనుండి తొలగిపోయినను ఇండ్లనుండి తొలగిపోలేదు. మన ఇండ్లలో, ముఖ్యముగా క్రొత్తకోడండ్ర విషయమున, "నీవు ఊరక ఆలోచించుటవలననే ఇదంతయు" అను మాట నేటికిని వినబడుచునే యున్నది.

ఔషధములలో మొదటి విజయము అనుకొనని మార్గమున వచ్చెను. స్వీడను దేశమున కరోలిన్స్కా సంస్థలో 1937లో ఆచార్యపదమునందుకొన్న నాన్నా స్వార్ట్స్ అను విదుషీమణి కీళ్లవాతమునకు మందు వెదకుచు, సల్ఫా మందును సాలిసిలేటు జాతి పదార్థమును ఒక్కటిగా కలిపిన ఔషధమును తయారుచేయించెను. కీళ్లవాతముతోపాటు ప్రేగుపూతయు గల రోగులకు దానిని ఇచ్చి చూడగా వారి విరేచనములు తగ్గెను. ఆ సంగతిని ఆమె 1942లో ప్రకటించెను. సల్ఫసలజీన్ అను పేర అది నేటికిని మన మందులదుకాణములలో దొరకుచున్నది. అందులో ఏ భాగము పనిచేయుచున్నదో ముప్పదియైదేండ్లవరకు తెలియలేదు. 1977లో ఆక్స్‌ఫర్డునందు ఢాకావాడైన ఆజాద్ ఖాన్ తన సహచరులతో కూడి, రెండు భాగములను విడివిడిగా ఎనిమారూపమున రోగులకిచ్చి పరీక్షించి, సల్ఫా భాగము కాదు, సాలిసిలేటు భాగమే మేలుచేయుచున్నదని తేల్చెను. దానినే మెసలమీన్ అను పేర వేరుగా అమ్ముచున్నారు. సల్ఫా సరిపడక తలనొప్పితోను దద్దుర్లతోను బాధపడిన వేలకొలది రోగులు బంగాళపు వైద్యుడొకడు చేసిన ఆ నిరాడంబర ప్రయోగమునకు ఋణపడియున్నారు.

రెండవ విజయము కార్టిజోన్. ఆక్స్‌ఫర్డునందు సిడ్నీ ట్రూలవ్, లెస్లీ విట్స్ అను ఇరువురు, 210 మంది రోగులను చీట్లువేసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు కార్టిజోనును, రెండవ వర్గమునకు ఉత్తబిళ్లలను ఇచ్చి, 1955లో ఫలితములను ప్రకటించిరి. ఆరువారములలో మందు పొందినవారిలో నూటికి 41 మందికి రోగము శాంతించెను. పొందనివారిలో నూటికి 16 మందికే. తీవ్రరూపము దాల్చినవారిలో మరణములు నూటికి 24 నుండి 7కు దిగెను. నిపుణులుగల వైద్యశాలలలో నేడు అది నూటికి ఒకటికంటెను తక్కువ. ఆ పరిశోధనమునకై తీవ్రతను కొలుచుటకు వారు వ్రాసికొన్న కొలతలే ఈ వ్యాధితో బ్రతుకువారు ఇంటిలో కంఠస్థము చేయదగినవి: దినమునకు ఆరు లేక అంతకు మించిన రక్తవిరేచనములు, వానితోపాటు 100 డిగ్రీల ఫారన్‌హీటుకు పైబడిన జ్వరమో, నిమిషమునకు 90కి మించిన నాడియో, 10.5 గ్రాములకు దిగిన హీమోగ్లోబినో, రక్తపరీక్షలో 30కి మించిన ఈఎస్‌ఆరో ఉన్నచో అది ఇంటికడ వేచియుండదగిన స్థితి కాదు. అట్టి సమయమున పెద్దప్రేగు కదలిక చచ్చి, గాలితో ఉబ్బి, పలుచబడి చిల్లుపడవచ్చును. విరేచనములు హఠాత్తుగా ఆగి కడుపు ఉబ్బుట శుభసూచన కాదు, మహాపాయము. కాళ్లలోను ఊపిరితిత్తులలోను రక్తము గడ్డకట్టు ప్రమాదమును బార్జెన్, బార్కర్ అనువారు 1936లోనే హెచ్చరించియుండిరి. అందుచేతనే నెత్తురు కారుచున్న రోగికి సైతము నెత్తురు గడ్డకట్టకుండు సూదిమందును వైద్యులు నేడిచ్చుట చూచి బంధువులు భయపడనక్కరలేదు.

కార్టిజోను ప్రాణదాతయేగాని కాపురమునకు తగినది కాదు. దీర్ఘకాలము వాడినచో ఎముకలు గుల్లబారును, చక్కెర పెరుగును, కంటిపొర పెరుగును. మంటను అది ఆర్పగలదేగాని మరల రాకుండ నిలుపజాలదు. నిలుపగలిగినది సల్ఫసలజీన్ అని 1965లో లండనులో జరిగిన పరిశోధన తెలిపెను: ఏడాదిపాటు మందు తిన్నవారిలో ముప్పాతిక మందికి దగ్గరగా రోగము తిరుగబెట్టక నిలిచిరి, ఉత్తబిళ్లలు తిన్నవారిలో అట్లు నిలిచినవారు పాతిక వంతుకు దగ్గర. ఏండ్లతరబడి సుఖముగానున్నవారు ఇక మానవచ్చునా అను ప్రశ్నకు దిసనాయక, ట్రూలవ్ అనువారు 1973లో సమాధానము చెప్పిరి; మందు మానినవారిలో రోగము నాలుగురెట్లు హెచ్చుగా తిరుగబెట్టెను. ఈ రోగమున జరుగు కీడులలో అధికభాగము నెత్తురు కానరానినాడే బీజమువేసికొనుచున్నది. నెత్తురు ఆగినది కదాయని బిళ్లలు మానుదురు, మరల కారునప్పుడు పాతచీటి చూపి కార్టిజోను జాతివైన స్టిరాయిడ్లు కొని తిందురు. ఈ రెండింటి నడుమ ఊగులాడుచు పదేండ్లు గడపినవారు మన ఊళ్లలో ఎందరో కలరు.

క్యాన్సరు భయము ఈ చరిత్రలో వేరొక ప్రవాహము. 1925లో న్యూయార్కునందు బరిల్ క్రోన్, రోజెన్‌బర్గు అనువారు ఈ వ్యాధిగల రోగికి పెద్దప్రేగు క్యాన్సరు సోకిన వృత్తాంతమును ప్రకటించిరి. అటుపిమ్మట భయము ఎంతగా పెరిగెననగా, పదేండ్లు దాటిన రోగులకు ముందుజాగ్రత్తగా ప్రేగంతయు తీసివేయుటయే మేలని వాదించినవారుండిరి. 1967లో లండను సెయింట్ మార్క్స్ వైద్యశాలలో బేసిల్ మోర్సన్, లిలియన్ పాంగ్ అనువారు, క్యాన్సరు పుట్టకముందే లోపలి పొర కణములలో ఒకవిధమైన వికారము కానవచ్చుననియు, చిన్నముక్కను త్రుంచి సూక్ష్మదర్శినిలో చూచి దానిని పసిగట్టవచ్చుననియు చూపిరి. ప్రేగంతటిని చూడగల సాధనమును అప్పుడే చేతికి వచ్చుచుండెను. పంజాబులో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, హెరాల్డ్ హాప్కిన్సుతో కలిసి 1954లో, వంగినను వెలుగును బొమ్మను చేరవేయు గాజుపోగుల కట్టను నిర్మించెను. దానినుండియే నేటి కొలొనాస్కోపు అవతరించినది.

భయమునకు కొలత దొరకిన విధము గమనింపదగినది. 2001లో ఇంగ్లండువారు అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నిటిని కూడి లెక్కింపగా, పదేండ్లకు నూటికి 2, ఇరువదేండ్లకు 8, ముప్పదేండ్లకు 18 మందికి క్యాన్సరు కలుగునని తేలెను. ఆ పిమ్మట 2006లో సెయింట్ మార్క్స్‌వారు తాము క్రమముగా పరీక్షించుచు వచ్చిన 600 మంది లెక్కను ప్రకటింపగా, ఇరువదేండ్లకు 2.5, ముప్పదేండ్లకు 7.6, నలువదేండ్లకు 10.8 మాత్రమే యాయెను. మొదటి లెక్కనే విని బెదరినవారును, రెండవ లెక్కను విని పరీక్షలు మానినవారును ఇరువురును తప్పుదారిన పడినవారే. ఈ రెండవ లెక్క పరీక్షలు చేయించుకొన్నవారిది. పురీషాశయమునకే పరిమితమైనవారికి ఈ అపాయము దాదాపు లేనట్లే. ప్రేగంతయు పూసినవారికిని, ఏండ్లు గడచినవారికిని, మంట ఎన్నడును పూర్తిగా చల్లారనివారికిని హెచ్చు. పైత్యనాళములు గట్టిపడి మూసికొనిపోవు పీఎస్‌సీ యను వ్యాధి తోడైనవారికి మరింత హెచ్చు. కావుననే వ్యాధి మొదలైన ఎనిమిదేండ్లకు కొలొనాస్కోపీ చేయించుకొని, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువున మరల మరల చేయించుకొనవలెననియు, పీఎస్‌సీ గలవారు తెలిసిన నాటినుండియే ఏటేట చేయించుకొనవలెననియు నియమము ఏర్పడినది.

ప్రేగు తీయక తప్పనివారికి 1978లో సెయింట్ మార్క్స్‌నందు అలన్ పార్క్స్, జాన్ నికొల్స్ మరియొక ద్వారము తెరచిరి. చిన్నప్రేగు చివరనే మడచి సంచిగా కుట్టి గుదమునకు కలుపుటచేత, కడుపుపై సంచి లేకుండ సహజమార్గముననే మలవిసర్జనము సాధ్యమాయెను. 2005లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అను జీవౌషధమునకు ఈ రోగమున ప్రభావము కలదని రెండు పెద్ద పరిశోధనలు తేల్చెను. అటుపిమ్మట వచ్చిన మందుల జాబితా నానాటికి పెరుగుచున్నది. జపాను ప్రధానమంత్రిగా పనిచేసిన షింజో అబే కౌమారమునుండి ఈ రోగముతో పోరాడి, 2007లో దానివలన పదవినుండి తొలగి, క్రొత్తమందు అనుకూలింపగా 2012లో మరల ఆ పదవినెక్కి, రోగము తిరుగబెట్టుటచే 2020లో మరల తొలగెను. తగ్గుట, తిరుగబెట్టుట అను ఈ రోగపు గతిని లోకమంతయు ఒక మనుష్యుని జీవితమున చూచినది.

మన దేశమున ఇది లేదని, ఇది చలిదేశములవారి రోగమని చిరకాలము నమ్మిరి. విరేచనమున నెత్తురు పడినచో అమీబాయని మెట్రొనిడజోల్ ఇచ్చుట, ఎర్రగా చుక్కలు పడినచో మొలలని పూతమందు వ్రాయుట వైద్యులకు అలవాటై పోయెను. లూధియానాకు చెందిన అజిత్ సూద్ బృందము పంజాబు గ్రామములలోను పట్టణములలోను ఇల్లిల్లు తిరిగి 51,910 మందిని విచారించి, లక్షకు 44 మందికి ఈ వ్యాధి కలదని 2003లో ప్రకటించుటతో ఆ నమ్మకము సడలెను. ఇచ్చటి పొరపాట్లు ఇరుప్రక్కలను పదునుగలవి. పూతను అమీబాగా భావించినచో కాలము వ్యర్థమగును. అమీబాను పూతగా భావించి స్టిరాయిడ్లిచ్చినచో ప్రాణమే పోవచ్చును. కావుననే మలపరీక్షయు, ముక్కపరీక్షయు లేకుండ స్టిరాయిడ్లు మొదలుపెట్టరాదు. జీవౌషధములు మొదలిడుటకు ముందు క్షయ శరీరమున దాగియున్నదేమోయని చూడవలసియుండుట పాశ్చాత్యులకంటె మనకు ముఖ్యతరమైన విషయము. దాగిన క్షయను ఆ మందులు మేలుకొలుపగలవు. అజతయోప్రిన్ అను మందు కొందరు ఆసియావాసులలో తెల్లకణములను హఠాత్తుగా పడద్రోయుటకు నుడ్‌టి15 అను జన్యువులోని భేదము కారణమని కొరియా దేశపు పరిశోధకులు 2014లో కనుగొన్నందున, ఆ మందు తినువారు మొదటి వారములలో రక్తపరీక్షలను విడువరాదు. గర్భము ధరింపదలచిన స్త్రీలు, రోగము శాంతించియున్న కాలమున ధరించుటయు, మెసలమీన్ వంటి మందులను భయముచే తమంతట తాము మానకుండుటయు తల్లికిని బిడ్డకును క్షేమకరము.

ఇది పట్టణములవారి రోగము, పిజ్జాలు తిను ధనవంతుల బిడ్డల రోగము అను నమ్మకము మాత్రము ఇటీవలివరకు మిగిలియుండెను. హైదరాబాదునందలి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు, విరేచనములు మొదలగు ప్రేగుబాధలతో వచ్చినవారిని నగరమందలి ఆసుపత్రిలోను, గ్రామములకు తామే వెళ్లియు పరీక్షించి, 2023లో ఆ ఫలితములను ప్రకటించిరి. ఈ పూతయు క్రోన్స్ వ్యాధియు కలిపి చూడగా, నగరమందును గ్రామములందును ఇంచుమించు ఒకే వంతున, అట్టి బాధలతో వచ్చిన నూరుగురిలో సుమారు ఐదుగురికి, ప్రేగులలో వ్యాధి కనబడెను. జొన్నరొట్టెయో వరియన్నమో తిని పొలముపని చేసికొనువారికి ఇది రాదని ఎవరును అనజాలరు. ఇంతకాలము వారిలో ఇది కానరాకుండుటకు కారణము వారి ఊళ్లలో కొలొనాస్కోపు లేకపోవుటయే.